ఇంధన ట్యాంకు తీసిన గొయ్యి: దక్షిణ తెలంగాణ నేలకు, నీటికి జరగని పరీక్ష

రహదారి విస్తరణ వల్ల గాని, కౌలు గడువు ముగియడం వల్ల గాని, వ్యాపారం సాగక గాని పెట్రోలు బంకు ఒకటి మూతపడినపుడు భూమిలో పాతిన ఉక్కు ట్యాంకులను క్రేను సాయంతో పైకి తీస్తారు. మిగిలిన ఇంధనాన్ని తోడివేసి, ట్యాంకులో ఆవిరి లేదని నిర్ధారించుకొని, దానిని తరలిస్తారు. గొయ్యిని మొరంతో పూడ్చి, నేలను చదును చేసి, స్థలాన్ని యజమానికి అప్పగిస్తారు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో చౌటుప్పల్ నుండి కోదాడ వరకు సాగే 65వ జాతీయ రహదారి వెంట, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరుల మీదుగా పోయే 44వ జాతీయ రహదారి వెంట బంకులకిచ్చిన స్థలాలలో సాగుభూములు చాలా ఉన్నాయి. కనుక ట్యాంకు తీసిన తరువాత ఆ నేల తిరిగి చేరేది తరచుగా రైతు చేతికే. అది తిరిగి చేనుగా మారవచ్చు, ఇంటి స్థలంగా మారవచ్చు, అందులో కొత్త బోరు పడవచ్చు.

ఈ క్రమంలో అగ్ని ప్రమాదం జరగకుండా చూసే ఏర్పాట్లు ఉన్నాయి. 1934 నాటి పెట్రోలియం చట్టం, దాని కింద వచ్చిన 2002 నాటి నియమాలు ప్రధానంగా ఆ దృష్టితో రూపొందినవే. అయితే ట్యాంకు అడుగున ఉన్న మట్టి ఎలా ఉంది, దాని కింది నీరు ఎలా ఉంది అన్న ప్రశ్న గొయ్యి పూడ్చే తొందరలో మరుగున పడుతోంది. ఆ ప్రశ్నను అడగవలసిన వారిలో వ్యవసాయ విశ్వవిద్యాలయం, కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు ముందు వరుసలో నిలవాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన. ఇది కాలుష్య నియంత్రణ మండలి పని మాత్రమేనని భావించడానికి ఈ ప్రాంతపు నేల స్వభావం అవకాశం ఇవ్వదు.

కంటికి కనబడని కారుడు

భూగర్భ ట్యాంకు ఒక్కసారిగా పగలడం అరుదు. తుప్పు పట్టిన అతుకు వద్దనో, గొట్టం కలిసే చోటనో, నింపే మూతి వద్దనో చుక్కచుక్కగా కారడమే సాధారణం. చుక్క పరిమాణం 0.05 మిల్లీలీటర్లు అనుకొని, సెకనుకు ఒక చుక్క చొప్పున లెక్కిస్తే రోజుకు సుమారు 4.3 లీటర్లు, సంవత్సరానికి 1,570 లీటర్లకు పైగా నేలలోకి చేరుతుంది. రోజుకు 3,000 లీటర్లు అమ్మే బంకులో ఈ తేడా 0.15 శాతం కూడా కాదు. కొలకర్రతో ట్యాంకు మట్టం చూసే పద్ధతిలో ఇంత చిన్న తేడా ఆవిరి నష్టంలోనో, ఉష్ణోగ్రత వల్ల వచ్చే హెచ్చుతగ్గులలోనో కలిసిపోతుంది. అందువల్ల బంకు నడుస్తున్నంత కాలం లెక్కలు సరిపోయినంత మాత్రాన ట్యాంకు కారలేదని చెప్పలేము.

కారిన ఇంధనం కొద్దిగా ఉన్నా దాని ప్రభావం పెద్దది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా అమలులోకి వచ్చిన భారత్ స్టేజ్-6 ప్రమాణం ప్రకారం పెట్రోలులో బెంజీన్ పరిమాణం 1 శాతానికి మించరాదు. ఆ గరిష్ఠ మోతాదులో లీటరు పెట్రోలులో దాదాపు 8.7 గ్రాముల బెంజీన్ ఉంటుంది. క్యాన్సరు కారకమైన ఈ పదార్థానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో సూచించిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. ఈ లెక్కన ఒక లీటరు పెట్రోలులోని బెంజీన్ మొత్తం నీటిలో కరిగితే 8.7 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. వాస్తవంలో అంతా కరగదు. కొంత ఆవిరవుతుంది, కొంత సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. అయినా సమస్య పరిమాణాన్ని గ్రహించడానికి ఈ అంకె చాలు. దేశంలో పెట్రోలు కంటె రెట్టింపునకు మించి వినియోగమయ్యే డీజిలులో బెంజీన్ స్వల్పమే గాని, అది త్వరగా ఆవిరి కాక నేలలో ఎక్కువ కాలం నిలుస్తుంది.

పాత ట్యాంకుల విషయంలో మరొక అంశం గమనింపదగినది. దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000 సంవత్సరంలో నిలిచిపోయింది. అంతకు ముందు నుండి ఉన్న బంకుల గోతులలో సీసాన్ని కూడా పరీక్షించవలసి ఉంటుంది. కొత్త ట్యాంకుల విషయంలో ఇథనాల్ ప్రశ్న ఉంది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే విధానం అమలులోకి వచ్చిన తరువాత, నేలలోకి కారిన ఇంధనంలో సూక్ష్మజీవులు మొదట ఇథనాల్‌నే వాడుకుంటాయి. ఆ క్రమంలో భూమిలోని ప్రాణవాయువు ఖర్చయిపోయి, బెంజీన్ విచ్ఛిన్నం మందగించి, అది మరింత దూరం ప్రయాణించే అవకాశం ఏర్పడుతుంది. నిన్నటి అనుభవంతో రేపటి కాలుష్యాన్ని అంచనా వేయడం సరికాదు.

చెల్క నేల, మొరం, పగుళ్ల రాయి

ఈ రెండు ఉమ్మడి జిల్లాలలో అధిక భాగం గ్రానైటు, నైస్ శిలలపై ఏర్పడిన ఎర్ర చెల్క, దుబ్బ నేలలు. లోతు తక్కువ, బంక మన్ను తక్కువ, సేంద్రియ కర్బనం మరీ తక్కువ. ఇంధనాన్ని పట్టి ఉంచి దాని వేగాన్ని తగ్గించే గుణాలు ఈ నేలకు స్వభావరీత్యా స్వల్పం. పైగా ట్యాంకు అడుగు భూమట్టానికి మూడు, నాలుగు మీటర్ల దిగువన ఉంటుంది. అంటే పలుచోట్ల అది నేల పొరను పూర్తిగా దాటి, మొరంలో కూర్చుంటుంది. పైపొర చేయగలిగిన కొద్దిపాటి వడపోత కూడా కారిన ఇంధనానికి ఎదురుకాదు. వదులుగా పూడ్చిన గొయ్యి వాననీటిని చుట్టుపక్కల నేల కంటె త్వరగా ఇంకించుకొని, అడుగున మిగిలిన ఇంధనాన్ని కిందికి తోస్తుంది.

మొరం కింద పగుళ్ల శిల ఉంటుంది. ఇక్కడి భూగర్భ జలం నడక మైదాన ప్రాంతపు ఇసుక పొరలలో వలె సమంగా ఉండదు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి చౌటుప్పల్ వద్ద నిర్వహించిన ప్రయోగ క్షేత్రంలో తేలిన విషయం ఈ సందర్భంలో ఎంతో విలువైనది. నీటి మట్టం పైన, శిథిల శిల అడుగు వరకు ఉన్నపుడు నీరు విస్తృతంగా ఒకే దిశగా కదులుతుంది. మట్టం పగుళ్ల శిలలోకి దిగిపోయినపుడు జలధర పొర వేరువేరు గదులుగా విడిపోతుంది. అప్పుడు పక్కపక్కన ఉన్న రెండు బోర్ల మధ్య కూడా సంబంధం ఉండకపోవచ్చు.

దీని నుండి రెండు నిర్ణయాలు వెలువడతాయి. మొదటిది: బంకు పక్కన ఉన్న ఒక్క బోరు నీరు శుభ్రంగా ఉన్నదన్న ఫలితం ఏమీ రుజువు చేయదు. రెండవది: వేసవిలో తీసిన ఒక్క నమూనా గాని, వానల తరువాత తీసిన ఒక్క నమూనా గాని చాలదు. మే నెలలో ఒకసారి, వర్షాకాలం ముగిసిన తరువాత నవంబరులో ఒకసారి తప్పనిసరి. నీటి మట్టం ఏటా కొన్ని మీటర్ల మేర ఎక్కి దిగే ఈ ప్రాంతంలో తేలియాడే ఇంధనం మట్టంతో పాటు దిగి, తిరిగి ఎక్కేటపుడు మొరం రంధ్రాలలో చిక్కుకొని, ఆ మందమంతటా పూసుకుపోతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ వంటి పథకాల ద్వారా చెరువులు నిండి మట్టాలు పెరగడం సంతోషకరమే. అయితే ఎండిన మొరంలో ఏళ్లుగా నిద్రాణంగా ఉన్న పాత ఇంధనం ఆ నీటిని తాకి తిరిగి కరగడం కూడా సాధ్యమే. పాత బంకు స్థలాల జాబితా అవసరం అందువల్లనే పెరుగుతోంది.

భూసార పరీక్ష పద్ధతి ఇక్కడ పనికిరాదు

విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తించవలసిన సంగతి ఒకటి ఉంది. మట్టి నమూనా సేకరణలో వారికి అలవాటైన పద్ధతి ఈ పరిశోధనలో తప్పుడు ఫలితాన్ని ఇస్తుంది. భూసార పరీక్షకు చేనులో పలుచోట్ల ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో గుంటలు తీసి, మట్టిని కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలను తీసివేస్తూ అరకిలోకు తగ్గించి, నీడలో ఆరబెట్టి, జల్లించి, గుడ్డ సంచిలో పంపుతారు. పెట్రోలు తగిలిన మట్టికి ఈ పని చేస్తే బెంజీన్ వంటి పదార్థాలు నీడలో ఆరేలోపే గాలిలో కలిసిపోతాయి. కలిపిన నమూనాలో కలుషిత భాగం శుభ్రమైన భాగంతో పలచబడిపోతుంది. ప్రయోగశాల ఇచ్చే 'కాలుష్యం లేదు' అన్న పత్రం అప్పుడు రైతుకు మేలు కంటె కీడే చేస్తుంది.

ఆ మట్టినే మామూలు భూసార పరీక్షకు పంపితే మరొక పొరపాటుకు తావుంది. ఇంధనంలోని కర్బనంలో కొంత భాగం డైక్రోమేటు పద్ధతిలో సేంద్రియ కర్బనంగా నమోదయి, నేల సారవంతమైనదన్న భ్రమ కలిగించవచ్చు. చేనులో మాత్రం జరిగేది ఇందుకు విరుద్ధం. కర్బనం విపరీతంగా పెరగడం వల్ల సూక్ష్మజీవులు అందుబాటులో ఉన్న నత్రజనిని తామే వాడుకుంటాయి. మొక్క పసుపు బారుతుంది. వేసిన యూరియాకు తగిన స్పందన కనబడదు. నూనె పూత పట్టిన మట్టి రేణువులు నీటిని పీల్చవు. విత్తనం సరిగా మొలవదు. బంకు ఉండిన స్థలంలోనో, దాని దిగువ చేనులోనో ఇటువంటి మచ్చలు కనబడితే పోషక లోపమని నిర్ధారించే ముందు ఆ స్థలం చరిత్రను అడిగి తెలుసుకోవాలి.

సరియైన పద్ధతి కష్టమైనది కాదు, క్రమశిక్షణ కోరేది. ట్యాంకు పైకి లేచిన వెంటనే, గొయ్యి పూడ్చకముందే, ట్యాంకు రెండు చివరల కింద, నింపే మూతి కింద, గొట్టాల అతుకుల కింద, ఇంధనం పోసే యంత్రాల కింద విడివిడిగా నమూనాలు తీయాలి. గొయ్యిలోకి మనిషి దిగరాదు. యంత్రం తొట్టి పైకి తెచ్చిన మట్టి నడిభాగం నుండి తీయాలి. గాజు సీసాను ఖాళీ లేకుండా నింపి, టెఫ్లాన్ పొర ఉన్న మూత బిగించి, మంచు పెట్టెలో 4 డిగ్రీల సెల్సియస్ వద్ద ప్రయోగశాలకు చేర్చాలి. ట్యాంకుపై తుప్పు రంధ్రాలు, మట్టి రంగు, వాసన, గొయ్యిలో ఊరిన నీటిపై తెట్టు వంటివి ఛాయాచిత్రాలతో సహా నమోదు చేయాలి. గొయ్యి తెరచి ఉండేది ఒకటి రెండు రోజులే. ఆ తరువాత అదే సమాచారానికి యంత్రంతో తవ్వి వెతకవలసి వస్తుంది. ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

నీటి విషయంలోనూ ఇటువంటి జాగ్రత్తే అవసరం. పెట్రోలు, డీజిలు నీటిపై తేలతాయి. సాగు బోర్లలో శిథిల శిల మందం వరకు కేసింగు గొట్టం దింపి, కింది పగుళ్ల నుండి నీరు తోడతారు. అటువంటి బోరు నుండి తీసిన నీటిలో పైన తేలే ఇంధనం కనబడకపోవచ్చు. కాబట్టి నీటి మట్టం ఎక్కి దిగే మందమంతటా రంధ్రాలున్న గొట్టంతో ప్రత్యేక పరిశీలన బావులు వేయాలి. నీటి వాలు తెలియడానికి కనీసం మూడు బావులు కావాలి. పగుళ్ల శిలలో అంతకు మించి కూడా అవసరం కావచ్చు. పాత వ్యవసాయ బావులు ఈ పనికి కొంత తోడ్పడతాయి. అయితే ఇంధన వాసన వచ్చే బావిలోకి మోటారు బాగుచేయడానికి గాని, పూడిక తీయడానికి గాని ఎవరూ దిగరాదన్న హెచ్చరిక గ్రామానికి ముందుగా అందాలి. ఆవిరి వల్ల స్పృహ తప్పడం, నిప్పురవ్వకు అంటుకోవడం రెండూ జరగగలవు.

అభ్యంతరాలు, వాటి బరువు

ఈ ప్రతిపాదనపై కొన్ని అభ్యంతరాలు రావచ్చు. అవి తేలికగా తోసివేయదగినవి కావు. చాలా ట్యాంకులు కారవు, అందరిపై పరీక్ష ఖర్చు మోపడం ఎందుకన్నది మొదటిది. ఏ ట్యాంకు కారిందో పరీక్షకు ముందు తెలియదన్నదే దీనికి సమాధానం. అమెరికాలో 1984లో భూగర్భ ట్యాంకులపై చట్టం వచ్చి, వెతకడం మొదలైన తరువాత నిర్ధారణ అయిన లీకుల సంఖ్య 5 లక్షలు దాటింది. వెతకకముందు వాటిలో అధిక భాగం ఎవరికీ తెలియనివే. 1996లో శాంటా మోనికా నగరం పెట్రోలులో కలిపే ఎంటీబీఈ అనే పదార్థం చేరినందువల్ల తన తాగునీటి బావులలో పెద్ద భాగాన్ని మూసివేయవలసి వచ్చింది. పొరుగున చెన్నై తండియార్‌పేటలో 2013లో ఇళ్ల బోర్లలో ఇంధనం కనబడింది. అక్కడ కారినది ట్యాంకు కాదు, నేల కింది గొట్టపు మార్గం. వ్యవహారం జాతీయ హరిత న్యాయస్థానం వరకు వెళ్లింది. నేలలోకి దిగిన ఇంధనం సంగతి ముందుగా తెలిపినది ఏ యంత్రమూ కాదు, ఇంటి నీటి వాసన.

మిషన్ భగీరథ ద్వారా ఇంటింటికీ నదీజలం వస్తున్నపుడు భూగర్భ జలం గురించి ఇంత ఆందోళన ఎందుకన్నది రెండవ అభ్యంతరం. చేనులో కూలీలు తాగేది చేని బోరు నీరే. పశువులు తాగేది, పంట తడిసేది ఆ నీటితోనే. నల్లగొండలో తాగునీటి ఫ్లోరైడు సమస్య ఏనాడో గుర్తింపు పొందింది. ఇంటింటికీ నదీజలం చేరడానికి ఎన్నో దశాబ్దాలు పట్టింది. ఈలోగా ఎన్ని తరాల ఎముకలు వంగాయో ఆ జిల్లాకు చెప్పనక్కరలేదు. ఆ ఫ్లోరైడు శిలలోనే ఉన్నది. ఇంధనం మనుషులు తెచ్చి పాతిపెట్టినది; దానిని ముందే పట్టుకొనే మార్గం ఉన్నది.

మూడవది రైతు వైపు నుండి వచ్చే భయం. పరీక్షలో కాలుష్యం తేలితే భూమి ధర పడిపోతుంది, ఎవరూ కొనరు, శుభ్రపరచే ఖర్చు తనపై పడుతుంది. ఈ భయం న్యాయమైనది. అందుకే పరీక్ష బాధ్యత, ఖర్చు స్థలం తీసుకొని ఇంధనం నిల్వ చేసిన వారిపై ఉండాలని కౌలు పత్రంలోనే రాసుకోవాలి. బంకు పెట్టే ముందు ఒకసారి, ట్యాంకు తీసినపుడు ఒకసారి నేలను, నీటిని పరీక్షించి రెండు ఫలితాలను పోల్చాలి. ఆ మొదటి పరీక్ష లేనిదే తరువాత ఎవరి బాధ్యత ఎంతో తేల్చడం కష్టం. ఈ ఒక్క షరతును కౌలుకు ఇవ్వబోయే రైతులకు ఎరుకపరచడం విస్తరణ సిబ్బంది చేయగల ఎంతో విలువైన పని.

విశ్వవిద్యాలయం చేయవలసినది

చట్టపరంగా ఇప్పుడు ఒక అవకాశం ఏర్పడింది. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2025 జూలైలో కలుషిత ప్రదేశాల నిర్వహణ నియమాలను ప్రకటించింది. వాటి ప్రకారం అనుమానిత ప్రదేశాలను జిల్లా యంత్రాంగం గుర్తించి ఆరు నెలలకొకసారి నివేదించాలి. రాష్ట్ర మండలి వాటిని పరిశీలించి, అవసరమైనచోట వివరమైన సర్వేకు పూనుకోవాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో కొత్త బంకులకు మార్గదర్శకాలు ఇచ్చి, బడులు, ఆసుపత్రులు, నివాస ప్రాంతాల నుండి 50 మీటర్ల దూరాన్ని సూచించింది. ఆ కొలత చేని బోరు నుండి లెక్కించేది కాదు. చేను తరఫున మాట్లాడగల సంస్థ వ్యవసాయ విశ్వవిద్యాలయమే. జిల్లా యంత్రాంగానికి ఊరూరా కళ్లు లేవు. వ్యవసాయ విస్తరణ అధికారికి ఉన్నాయి.

ఈ దృష్టితో నాలుగు పనులు వెంటనే చేపట్టవచ్చు. పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, కంపాసాగర్ పరిశోధన స్థానం, ఉమ్మడి జిల్లాల కృషి విజ్ఞాన కేంద్రాలు కలిసి మూతపడిన, తరలిన బంకుల స్థలాల పట్టికను మండలాల వారీగా తయారు చేయాలి. గ్రామ పెద్దల జ్ఞాపకమే అందుకు మొదటి ఆధారం. గొయ్యి వద్ద నమూనా సేకరణకు రెండు పుటల తెలుగు కరదీపిక వెలువరించాలి. పురుగుమందుల అవశేషాల పరీక్షలో గ్యాస్ క్రొమాటోగ్రఫీ అనుభవమున్న రాజేంద్రనగర్ ప్రయోగశాలకు ఆవిరయ్యే హైడ్రోకార్బన్లను కొలిచే పరికరాలు సమకూర్చాలి. తవ్వితీసిన కలుషిత మట్టిని పొలం గట్లకు, ఇళ్ల పునాదులకు, చెరువు కట్టలకు తరలించకుండా, అడుగున నీరు దిగని పరుపు వేసి కుప్పగా పోసి, నత్రజని, భాస్వరం, తేమ, గాలి అందించి సూక్ష్మజీవుల ద్వారా శుద్ధి చేసే పద్ధతిని చెల్క నేలలకు అనువుగా పరీక్షించాలి. ఈ చివరి అంశం నేల శాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం విద్యార్థుల స్నాతకోత్తర పరిశోధనకు ఎంతో అనువైనది. ఎంత నత్రజని ఇస్తే ఎన్ని నెలలలో ఎంత డీజిలు తగ్గుతుందన్నది ఎర్ర మొరంలో, 40 డిగ్రీలు దాటే ఇక్కడి ఎండలో తేల్చవలసిన ప్రశ్న. చలి దేశాల అంకెలు ఇక్కడ అక్కరకు రావు.

భూసార పత్రంపై పీహెచ్, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాషియం ఉంటాయి. ఆ నేల గతంలో దేనికి ఉపయోగపడింది అన్న గడి ఉండదు. బంకు, గోదాము, కార్ఖానా వంటి వినియోగం ఏదైనా జరిగిందా అని అడిగే ఒక్క వరుసను ఆ పత్రానికి చేర్చడానికి నిధులు అక్కరలేదు, కొత్త చట్టమూ అక్కరలేదు. ఆ వరుసలో 'అవును' అని నమోదయిన ప్రతి చేను విషయంలో నమూనా పద్ధతి మారాలి, బోరు నీరు పరీక్షకు వెళ్లాలి, జిల్లా యంత్రాంగానికి సమాచారం అందాలి. ట్యాంకులు తీయడం ఆగదు. రహదారులు వెడల్పవుతూనే ఉంటాయి. తెరచిన గొయ్యి వద్ద గాజు సీసా పట్టుకొని నిలబడే శిక్షణ పొందిన వ్యక్తి ఆ రోజున అక్కడ ఉండేలా చూడడమే ఈ విషయంలో విస్తరణ వ్యవస్థ ముందున్న తక్షణ కర్తవ్యం.